మానిక్‌తలా తోటలో జరిగిన వాదాల గురించి అమ్మాయికి ఉత్తరం

రాజమహేంద్రవరం,
ఆదివారం.

చిరంజీవి అమ్మలుకు మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మొన్న రాత్రి నువ్వు ఫోనులో అడిగినదానికి "ఆలోచించి చెబుతానులే" అని పెట్టేశాను. నువ్వు దాన్ని కోపమనుకొని ఉంటావని మీ అమ్మ అంటోంది. కోపం కాదు. మీ కాలేజీ చర్చా సంఘం వాళ్ళు చీటీలు తీయిస్తే "తల్లిదండ్రుల మాటకు కట్టుబడి ఉండటం పిల్లల ధర్మం కాదు" అనే పక్షం నీకు పడిందనీ, నమ్మని మాటను నలుగురిలో నిలబడి నమ్మినట్టు చెప్పడం అబద్ధమాడటమే కదా అనీ, నాకు కష్టంగా ఉంటుందనుకుంటే పేరు వెనక్కి తీసుకుంటాననీ అన్నావు. ఇందులో ఒక ప్రశ్న సత్యానికి సంబంధించింది, ఇంకొకటి నాకు సంబంధించింది. రెండింటికీ అప్పటికప్పుడు ఫోనులో జవాబు చెప్పడం నావల్ల కాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు కోర్టు కాగితాల మధ్య బతికినవాణ్ణి గనుక ఏదైనా వ్రాసుకుంటే తప్ప నాకు తేటపడదు.

నీకు చీటీలో వచ్చిన ఆ ప్రశ్నే, ఇంచుమించు అవే మాటల్లో, నువ్వు చదువుకుంటున్న ఆ కలకత్తాలోనే, 1831 ఏప్రిల్‌లో ఒక పంతులుగారి మీద నేరంగా వచ్చింది. ఆయన పేరు హెన్రీ లూయీ వివియన్ డిరోజియో. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు నిండాయంతే, నీకంటే రెండేళ్ళు పెద్ద. రిటైరయ్యాక గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టిన నాటి నుంచి నాకు ఆయన సంగతి మీద ఒక విధమైన మోజు. అది చరిత్ర మీద ప్రేమా, లేక ఒక కేసు ఫైలు మీద గుమాస్తాకు ఉండే కుతూహలమా అని నన్ను అడగకు.

కలకత్తాలోని సంపన్న హిందూ కుటుంబాల వాళ్ళు తమ పిల్లలకు ఇంగ్లీషు చదువు కావాలని చందాలు వేసుకొని 1817 జనవరి 20న హిందూ కాలేజీ తెరిచారు. తొలిరోజున చేరినవాళ్ళు ఇరవై మంది. డిరోజియో 1826లో అక్కడ పంతులుగా చేరాడు. పోర్చుగీసు మూలాలున్న యురేషియన్ కుటుంబంలో కలకత్తాలోనే పుట్టినవాడు, ధర్మతలాలో డ్రమ్మండ్ అనే స్కాట్లండు దేశస్థుడి బడిలో చదివినవాడు, కొంతకాలం భాగల్‌పూర్‌లో నీలిమందు పనిలో ఉంటూ పద్యాలు వ్రాసినవాడు. చేరేనాటికి పదిహేడేళ్ళవాడు గనుక పై తరగతుల పిల్లలకు పంతులూ ఆయనే, ఈడుకు స్నేహితుడూ ఆయనే. తరగతిలో ఎత్తుకున్న వాదం గంట కొట్టినా తెగేది కాదు. వరండాలోకి, అక్కడి నుంచి ఆయన ఇంటికి పాకేది. అలా పాకినదానికే 1828లో ఒక పేరు పెట్టారు, అకడమిక్ అసోసియేషన్ అని. మన దేశంలో కాలేజీ విద్యార్థుల చర్చా సంఘాలకు తొలి నమూనా అదే.

మొదట డిరోజియో ఇంట్లో జరిగిన ఆ సభలు తరవాత మానిక్‌తలాలో శ్రీకృష్ణ సింహ గారి తోట ఇంటికి మారాయి. డిరోజియో అధ్యక్షుడు, ఉమాచరణ్ బసు కార్యదర్శి. ఒకరు వ్యాసం చదవడం, మిగిలినవాళ్ళు దాని మీద అటూ ఇటూ మాట్లాడటం, ఇదీ పద్ధతి. వాళ్ళు ఎత్తుకున్న విషయాలు చూస్తే నాకే భయం వేసింది. మనిషికి స్వేచ్ఛ ఉందా లేక అంతా విధివ్రాతేనా, పాపపుణ్యాలు ఏమిటి, దేశాభిమానం అంటే ఏమిటి, దేవుడున్నాడనడానికీ లేడనడానికీ ఆధారాలేమిటి, విగ్రహారాధనా పౌరోహిత్యమూ నిలవదగినవేనా? పధ్నాలుగేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు, సాయంత్రం బడి వదిలాక, ఇంట్లో అమ్మ సంధ్యాదీపం పెట్టే వేళకు, తోటలో కూర్చొని ఇవి మాట్లాడుకున్నారు. వినడానికి వచ్చినవాళ్ళు కూడా తక్కువవాళ్ళు కారు. గడియారాల వ్యాపారం వదిలేసి ఆ ఊరి పిల్లల చదువుకే అంకితమైన డేవిడ్ హేర్ తరచుగా వచ్చేవాడు. సుప్రీంకోర్టు జడ్జి సర్ ఎడ్వర్డ్ రయన్, గవర్నర్ జనరల్ బెంటింక్ ఆంతరంగిక కార్యదర్శి కర్నల్ బెన్సన్, బిషప్స్ కాలేజీ ప్రిన్సిపాల్ డాక్టర్ మిల్ కూడా వచ్చి వెళ్ళినవాళ్ళే. ఒక హైకోర్టు జడ్జిగారు మీ కుర్రకారు సభకు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నట్టు ఊహించుకో.

(మనవాళ్ళ ముచ్చట ఒకటి చెప్పనీ. ఏలూరుకు చెందిన కావలి సోదరులు, మన పాత వ్రాతప్రతులు సేకరించిన కర్నల్ మెకంజీ దగ్గర పనిచేశారని నీకు చిన్నప్పుడు చెప్పాను. వాళ్ళలో వెంకట రామస్వామి కలకత్తా వెళ్ళి, 1829లో, అంటే ఈ తోట సభలు మంచి జోరులో ఉన్న రోజుల్లో, మన దక్షిణాది కవుల జీవితాలను ఇంగ్లీషులో వ్రాసి ఆ ఊళ్ళోనే అచ్చు వేయించాడు. ఆ కాలపు కలకత్తాలో మన తెలుగు మాట కూడా ఒక మూల వినిపించింది.)

ఇక నీ మొదటి ప్రశ్నకు వస్తాను. నమ్మని పక్షాన మాట్లాడటం అబద్ధమా? మా కోర్టులో ఒక వకీలుగారు పొద్దున ఒక దావాలో ఇంటి యజమాని తరపున, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకో దావాలో అద్దెకున్నవాడి తరపున అంతే పట్టుగా వాదించిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆయన్ని ఎవరూ అబద్ధాలకోరు అనలేదు. అదే హాల్లో, పది అడుగుల దూరంలో ఉన్న బోనులో నిలబడిన సాక్షి మాత్రం ఒక్క మాట అటూ ఇటూ మార్చినా నిలదీసేవారు. ఎందుకంటే వకీలు చెప్పేది ఒక పక్షాన చెప్పదగిన మాట. సాక్షి చెప్పేది తాను ఎరిగిన నిజం. నువ్వు ఎక్కబోయేది వకీలు నిలబడే చోటు, సాక్షి బోను కాదు. ఆ సంగతి ఎదురుగా కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, చీటీ తీయించినవాళ్ళకు మరీ బాగా తెలుసు. అందరికీ తెలిసి ఉండగా మోసపోయేదెవరు?

మన శాస్త్రాలు వ్రాసినవాళ్ళు కూడా సిద్ధాంతానికి ముందు పూర్వపక్షం వ్రాశారు కదా! అదీ చేతకాని పూర్వపక్షం వ్రాసి పడగొట్టడం కాదు, ఎదుటివాడు విని "నేను చెప్పదలచుకొన్నది ఇదే, నాకంటే బాగా చెప్పావు" అనేట్టుగా వ్రాయడం. డిరోజియో చేసిందీ అదే. దేవుడి విషయంలో స్కాట్లండు తత్త్వవేత్త హ్యూమ్ వ్రాసిన సందేహాలను పిల్లల ముందు పెట్టాడు, ఆ సందేహాలకు ఆ దేశపు తత్త్వవేత్తలే అయిన రీడ్, డుగాల్డ్ స్టీవార్ట్ చెప్పిన జవాబులనూ పెట్టాడు. పిల్లల్లో కొందరు నాస్తికులైతే ఆ నింద నా నెత్తిన వేస్తున్నారు, మరి ఆస్తికులుగా మిగిలినవాళ్ళ పుణ్యం కూడా నా ఖాతాలో వేయాలి కదా అని తరవాత తన సమాధానంలో అడిగాడు. నేను ఎన్నో జవాబుదావాలు చదివాను గాని, ఇంత సూటి జవాబు చూడలేదు.

ఆ పిల్లలకు వకీలు చోటుకూ సాక్షి బోనుకూ తేడా తెలుసనడానికి ఒక ఉదాహరణ ఉంది. ఆ రోజుల్లో కలకత్తా సుప్రీంకోర్టులో హిందువులు రాగిపాత్రలో గంగాజలమూ తులసీ పట్టుకొని ప్రమాణం చేయాలి. ఈ సంఘంలో ఒకడైన రసిక్ కృష్ణ మల్లిక్‌ను సాక్షిగా పిలిచి, పాత్ర చేతికి ఇవ్వబోతే, గంగ పవిత్రతలో నాకు నమ్మకం లేదు, నేను పట్టుకోను అన్నాడు. కోర్టు హాలంతా నివ్వెరపోయింది. తోటలో ఏ పక్షాన మాట్లాడమన్నా మాట్లాడగలిగిన కుర్రవాడు బోనులోకి వచ్చేసరికి తనకు నమ్మకం లేని మాట ఒక్కటి కూడా పలకనన్నాడు. బెంచి క్లర్కుగా కొన్ని వేల మంది చేత "దేవుడి మీద ప్రమాణం చేసి నిజం చెబుతాను, అబద్ధం చెప్పను" అని చదివించినవాణ్ణి. అందులో ఎంతమంది గొంతు ఆ మాట దగ్గర తడబడిందో, ఎంతమందికి అసలు అది మాటగానే వినిపించలేదో నాకు తెలుసు. అందుకే ఆ కుర్రవాడంటే నాకు గౌరవం. 1840లో వచ్చిన చట్టం హిందువులకూ ముసల్మానులకూ ఆ పాత తరహా ప్రమాణాలు తీసేసి, నిజం చెబుతానని గంభీరంగా పలికితే చాలునంది. ఇప్పుడు దేవుడి పేరు వద్దనుకునే సాక్షి చేత మనస్సాక్షిగా అనిపిస్తున్నాం.

ఇక అసలు కేసు. తోటలో ఏం జరుగుతోందో ఊళ్ళో పాకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. రాజకీయాలూ మతమూ చర్చించే సంఘాలకు విద్యార్థులు వెళ్ళడం తమకు సమ్మతం కాదని కాలేజీ పాలకులు 1830లోనే ఉత్తర్వు వేశారు. ఉత్తర్వు వల్ల ఆగిన వాదాన్ని నేను ఎక్కడా చూడలేదు, ఇదీ ఆగలేదు. బృందావన్ ఘోషాల్ అనే ఒక బ్రాహ్మణుడు ఇంటింటికీ తిరిగి ఆ పంతులు అలా అన్నాడట, ఇలా అన్నాడట అని మోసిన కబుర్లు ఇంకొంత ఎరువు వేశాయి. తండ్రులు పిల్లల్ని కాలేజీ మాన్పించడం మొదలుపెట్టారు. చివరికి 1831 ఏప్రిల్ 23న పాలక సంఘం కూర్చుంది.

ఆ మీటింగు నడిచిన తీరు మాత్రం మా కోర్టు వాళ్ళకు ఒక పాఠంగా చెప్పవచ్చు. మొదటి ప్రశ్న: పిల్లలకు చదువు చెప్పడానికి ఈయన తగనివాడు అనడానికి మన దగ్గర న్యాయమైన ఆధారం ఉందా? ఓట్లు అడిగితే మెజారిటీ వాళ్ళు లేదన్నారు. డేవిడ్ హేర్ ఆయన చాలా సమర్థుడన్నాడు, సంస్కృత పండితుడైన విల్సన్ ఆయన బోధన వల్ల చెడు జరగడం తానెన్నడూ చూడలేదన్నాడు. అక్కడితో కేసు కొట్టేయాలి కదా? కొట్టేయలేదు. రెండో ప్రశ్న వేశారు: కలకత్తా హిందూ సమాజంలో ఇప్పుడున్న భావాన్ని బట్టి ఆయన్ని తీసేయడం ఉచితమా? దానికి మాత్రం మెజారిటీ వాళ్ళు అవుననేశారు. శ్రీకృష్ణ సింహ ఒక్కడు అవసరం లేదన్నాడు. ఇది హిందువుల మనోభావాలకు సంబంధించిన ప్రశ్న గనుక తాము ఓటు వేయమని హేరూ విల్సనూ తప్పుకున్నారు. నేరం రుజువు కాలేదంటూనే శిక్ష వేశారన్నమాట. ముద్దాయిని పిలవలేదు, సాక్షుల్ని విచారించలేదు, ఆరోపణ ఏమిటో కాగితం మీద పెట్టలేదు. ఏప్రిల్ 25న ఇచ్చిన రాజీనామాలో డిరోజియో ఎత్తిచూపిన లోపాలు ఇవే. అప్పీలుకు ఇంతకంటే మంచి గ్రౌండ్సు ఏ సీనియరు వకీలూ వ్రాయలేడు, కాకపోతే అప్పీలు వినే చోటు లేదు.

ఆ రోజే విల్సన్ ఆయనకు సొంతంగా ఒక ఉత్తరం వ్రాసి మూడు ప్రశ్నలడిగాడు. దేవుణ్ణి నమ్ముతావా? తల్లిదండ్రుల పట్ల గౌరవమూ విధేయతా నీతిలో భాగం కాదనుకుంటున్నావా? అన్నాచెల్లెళ్ళు పెళ్ళిచేసుకోవచ్చునని చెప్పావా? మూడోది ఎంత నీచమైన పుకారో చూడు. మర్నాడే జవాబు వెళ్ళింది. నీకు కావలసింది రెండో ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు. అటువంటి మాట తానెన్నడూ చెప్పలేదనీ, తానే గట్టిగా దానికి ఎదురు చెప్పాననీ అంటూ రెండు సంగతులు ముందు పెట్టాడు. మహేశ్ చంద్ర సింగ్ అనే విద్యార్థి తండ్రితో అమర్యాదగా ప్రవర్తించి, తన బంధువులతో కలిసి పంతులుగారి ఇంటికి వస్తే, డిరోజియో వాణ్ణి బాగా చీవాట్లు పెట్టి, తండ్రిని క్షమాపణ అడిగేదాకా నీతో మాట్లాడనన్నాడు. రెండోవాడు దక్షిణారంజన్ ముఖర్జీ. ఇంట్లో తండ్రి పోరు భరించలేకపోతున్నాను, ఇల్లు వదిలి పోతాను అని వచ్చాడు. వాడు చెప్పింది నిజమేనని తెలిసి కూడా డిరోజియో, కన్నతండ్రి దగ్గర చాలా ఓర్చుకోవాలి, ఆయనగా వెళ్ళగొడితే తప్ప నువ్వుగా బయటికి వస్తే లోకం ఒప్పదు అని ఆపాడు. కొన్ని వారాలు ఆగి దక్షిణారంజన్ వచ్చేయనే వచ్చేశాడు, పంతులుగారి ఇంటికి దగ్గరలోనే అద్దెకు దిగాడు కూడా. అంటే ఆయన మాట కూడా వాడు పూర్తిగా వినలేదు. ఆ వివరాన్ని దాచకుండా జవాబులో వ్రాశాడు చూడు, అందుకే మిగిలినదంతా నేను నమ్ముతున్నాను.

అందరూ బంగారు కొండలేమీ కాదులే. అదే ఏడాది ఆగస్టు 23న, ఈ బృందంలోవాడే అయిన కృష్ణమోహన్ బెనర్జీ ఇంట్లో, అతను లేనప్పుడు, స్నేహితులు గొడ్డుమాంసం తెచ్చుకొని తిని, మిగిలిన ఎముకల్ని పక్కనున్న బ్రాహ్మణుల ఇంట్లోకి విసిరారు. వీధంతా ఏకమై వచ్చింది. తిరిగి వచ్చిన కృష్ణమోహన్‌ను తనవాళ్ళే ఇల్లు వదిలి పొమ్మన్నారు. ఆ రాత్రి తల దాచుకున్నది దక్షిణారంజన్ దగ్గర. కొందరు దీన్ని కూడా సంస్కరణ ఖాతాలో వ్రాస్తారు, నేను వ్రాయను. వాదం చేతకానప్పుడు విసిరేది ఎముక. తోటలో అంత బాగా మాట్లాడినవాళ్ళు గోడ అవతల ఉన్న ముసలాయనతో ఒక్క మాట మాట్లాడి ఉంటే బాగుండేది, దానికి ఆయన తెలిసిన భాషలో మాట్లాడాలి మరి. డిరోజియో ఆ ఏడాది డిసెంబరు 26న కలరాతో పోయాడు. పార్క్ స్ట్రీట్ పాత శ్మశానంలో ఆయన సమాధి ఉంది, మీ హాస్టలు నుంచి బస్సులో వెళ్ళి రావచ్చు.

పంతులు పోయాక సంఘానికి డేవిడ్ హేర్ అధ్యక్షుడయ్యాడు, మరికొన్నేళ్ళు నడిచింది. 1838లో ఆ పాత విద్యార్థులే, అప్పటికి ఉద్యోగాల్లో వ్యాపారాల్లో కుదురుకున్నవాళ్ళు, సాధారణ జ్ఞానార్జన సభ అని ఇంకొకటి పెట్టారు. తారాచంద్ చక్రవర్తి అధ్యక్షుడు. 1843 ఫిబ్రవరి 8న హిందూ కాలేజీ హాల్లో దక్షిణారంజన్ (ఆ ఇల్లు వదిలిన అబ్బాయే) బెంగాల్‌లో కంపెనీ వారి క్రిమినల్ కోర్టులూ పోలీసులూ ఎలా ఉన్నాయో వ్యాసం చదువుతున్నాడు. వినడానికి వచ్చిన కెప్టెన్ రిచర్డ్‌సన్, ఆ కాలేజీలో సాహిత్యం చెప్పే పంతులు, మధ్యలో లేచి, ఈ హాలును రాజద్రోహుల గుహగా మార్చడానికి నేను ఒప్పుకోను అని అరిచాడు. మామూలువాళ్ళైతే తలలు వంచుకొని లేచిపోవలసిన ఘట్టం. తారాచంద్ కుర్చీలో నుంచి లేచి, ఈ హాలు మాకు కమిటీ అనుమతితో వచ్చింది గాని తమ దయ వల్ల కాదనీ, ఈ పూట తమరు అతిథి మాత్రమే గనుక మా సభ్యుడి మాటకు అడ్డుతగిలే హక్కు లేదనీ, వ్యాసకర్తకూ సభకూ క్షమాపణ చెప్పడం తమకు మర్యాద అనీ అన్నాడు. చూశావా, ఎదురుచెప్పాడు, "తమరు" అనే మర్యాద మాత్రం తగ్గించలేదు. ఆ తరవాత సభ కాలేజీ హాలు వదిలి వేరే చోటికి మారింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వాళ్ళంతా కలిసి బెంగాల్ బ్రిటిష్ ఇండియా సొసైటీ పెట్టారు. పాపపుణ్యాలతో మొదలైన కుర్రవాళ్ళ వాదం పదిహేనేళ్ళకు పోలీసుల దగ్గరికీ పరిపాలన దగ్గరికీ వచ్చింది.

వాళ్ళకు లేనివి రెండున్నాయి. ఒకటి సొంత భాష. తోటలో అంతా ఇంగ్లీషే. దానికి ఎదురుగా 1832లో రామ్మోహన్ రాయ్ బడి విద్యార్థులు సర్వతత్త్వదీపికా సభ అని పెట్టుకొని, ఇక్కడ బెంగాలీ తప్ప వేరే భాషలో మాట్లాడకూడదని నియమం పెట్టారు. దేవేంద్రనాథ్ టాగూర్ దానికి కార్యదర్శి. రెండోది ఆడపిల్లలు. ఏ సభ వివరం చదివినా ఒక్క ఆడపేరు కనిపించదు. ఈ రెండు లోపాలూ తెలుసుకున్నవాళ్ళు వాళ్ళలోనే బయలుదేరారు. పియారీచంద్ మిత్రా, రాధానాథ్ సిక్దార్ (1852లో ఎవరెస్టు అన్నింటికంటే ఎత్తైన శిఖరమని లెక్క తేల్చినవాడు, ఆయనా డిరోజియో శిష్యుడే) కలిసి 1854లో ఒక మాసపత్రిక పెట్టారు, ఆడవాళ్ళు చదివి అర్థం చేసుకోగలిగిన వాడుక బెంగాలీలో. బొంబాయిలో ఇంకా తొందరగా జరిగింది. ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థ విద్యార్థులు 1848లో పెట్టుకున్న సాహిత్య, విజ్ఞాన సభలో ఆడపిల్లల చదువు మీద వాదం నడిచాక, ఊరికే మాట్లాడి లేచిపోవడం ఏమిటని, మరుసటి ఏడాది తామే జీతం లేని పంతుళ్ళై బడులు తెరిచారు. దాదాభాయి నౌరోజీ అప్పటికి పాతికేళ్ళు నిండనివాడు; ఇంటింటికీ వెళ్ళి మీ ఆడపిల్లను పంపండి అని అడిగితే కొందరు తండ్రులు అరుగు మీద చోటిచ్చారు, కొందరు మెట్ల మీద నుంచి తోసేస్తామన్నారు. మెట్ల మీద నుంచి తోస్తామన్న తండ్రుల గురించి చదివినప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. ఎందుకో కింద చెబుతాను. 1883లో కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు మీ కలకత్తా యూనివర్సిటీ పట్టా పుచ్చుకునేదాకా, అంటే తోట సభ మొదలైన యాభై అయిదేళ్ళ దాకా, నీలాంటి అమ్మాయి ఆ వాదాల్లోకి రావడానికి దారే లేదు. 1890లో కలకత్తా కాంగ్రెస్ సభలో ఆ కాదంబిని వేదిక ఎక్కి మాట్లాడింది.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. నువ్వు రెండేళ్ళ కింద కలకత్తా వెళ్ళి చదువుకుంటానంటే నేను వద్దన్నాను. కారణం అడిగితే "వద్దంటే వద్దు" అన్నాను. పది రోజులు మీ అమ్మ మన ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది. పదకొండో రోజు పొద్దున నా కళ్ళజోడు పెట్టె కింద రెండు కాగితాలు పెట్టావు: నేను చెప్పబోయే అభ్యంతరాలు ఎడమవైపు, వాటికి నీ జవాబులు కుడివైపు. నేను చెప్పని అభ్యంతరాలు కూడా నా తరపున నువ్వే వ్రాశావు, నాకంటే బాగా వ్రాశావు. నేనేమీ అనకుండా ఫారం మీద సంతకం పెట్టాను. నిజం చెప్పాలంటే ఎడమవైపు ఉన్నవేవీ నా అసలు కారణాలు కావు. నా దగ్గర ఉన్నది భయం ఒక్కటే, దానికి తోడు నలుగురూ ఏమనుకుంటారోనన్న లెక్క. అంటే పాలక సంఘం వేసిన రెండో ప్రశ్న. ఇది సాక్షిగా చెబుతున్న మాట. నీ వాదానికి పనికివస్తే పేరు చెప్పకుండా వాడుకో.

కొంచెం వకీలు గుమాస్తా పని కూడా చేసి పెడతాను. విల్సన్ గౌరవాన్నీ విధేయతనూ ఒకే ప్రశ్నలో కలిపేశాడు, మీ వాళ్ళు కూడా కలిపేస్తారు. నువ్వు మొదటి నిమిషంలోనే వాటిని విడదియ్యి. తారాచంద్‌ను చూపించు. ప్రతిపక్షం వాళ్ళు తప్పకుండా శ్రీరాముణ్ణి తెస్తారు. తెచ్చినప్పుడు కంగారు పడకు. మన ఇళ్ళలో తండ్రి మాట విని అడవికి పోయిన రాముడికీ దండం పెడతాం, తండ్రి మాట వినని ప్రహ్లాదుడికీ దండం పెడతాం. తల్లి సంపాదించి పెట్టిన సింహాసనం వద్దన్న భరతుణ్ణి ధర్మం తప్పాడని ఎవరూ అనలేదు. డిరోజియో దక్షిణారంజన్‌కు చెప్పిన సలహా నీ పక్షానికి ఎదురు తిరుగుతుంది గనుక దాన్ని వాళ్ళు తేకముందే నువ్వే తెచ్చి జవాబు చెప్పెయ్యి. బట్టీపట్టకు. నేను బి.ఏ. చదివేటప్పుడు ఒక వక్తృత్వపు పోటీలో పన్నెండు పేజీలు బట్టీపట్టి వెళ్ళి, ఎదుటి కుర్రవాడు మధ్యలో ఒక్క ప్రశ్న వేసేసరికి ఏ పేజీలో ఉన్నానో మరిచిపోయి, మంచినీళ్ళు తాగి దిగిపోయాను. ముఖ్యమైన అంశాలు మాత్రం చిన్న చీటీ మీద వ్రాసుకో.

మీ చర్చను వీడియో తీస్తారేమోనన్న బెంగ వదిలెయ్యి. మీ పెదనాన్న చూసి ఏదైనా అంటే నేను చూసుకుంటాను, జవాబుదావా వేయడం నాకు కొత్త కాదు.

ఈ ఉత్తరం గట్టిగా చదివి వినిపిస్తే మీ అమ్మ అంతా విని, "ఆ ప్రతిపక్షమేదో నేను తీసుకుంటాను, పిల్లకు అభ్యాసమవుతుంది" అంది. ఆమె తయారవుతోంది, నిన్నటి నుంచి పప్పు మాడుతోంది. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను చెయ్యి. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. గడియారం నేను పట్టుకుంటాను.

ఇట్లు,
మీ నాన్న